సముద్రానికి ఎదురు తిరిగిన దీపాలు: ఒక బీచ్ రోడ్డు కేస్ స్టడీ

నేపథ్యం

ఆంధ్ర తీరంలోని ఒక నగరం. ఏ నగరమో, ఏ సంవత్సరమో చెప్పడం లేదు. ఈ ఫైలు మీద సంతకాలు పెట్టినవాళ్ళు చాలామంది ఇంకా అదే ఆఫీసులో ఉన్నారు. వీధి దీపాల డిజైన్, ఆడిట్ నా వృత్తి. కార్పొరేషన్ ఇంజినీరింగ్ విభాగం పిలిస్తే వెళ్ళాను.

పని రెండు కిలోమీటర్ల పైచిలుకు బీచ్ రోడ్డు మీద. తూర్పున ఇసుక, ఆ తర్వాత సముద్రం. పడమర అపార్ట్‌మెంట్లు, రెండు హోటళ్ళు, ఒక ఫంక్షన్ హాలు. ఉత్తరం కొసన జాలరిపేట. దక్షిణపు సగంలో రోడ్డుకీ ఇసుకకీ మధ్య సరుగుడు తోపు అడ్డుంది. ఉత్తరపు సగం బోడి. ఈ తేడా తర్వాత చాలా పనికొచ్చింది.

రోడ్డు వెడల్పు దాదాపు 9 మీటర్లు. రెండు వైపులా 9 మీటర్ల ఎత్తున జీఐ పోల్స్. ఒకప్పుడు వాటి మీద 250 వాట్ల సోడియం దీపాలుండేవి. 2015 తర్వాత దేశమంతటా మునిసిపాలిటీలు ఎల్ఈడీకి మారిన ఊపులో ఇక్కడా మార్చారు. 110 వాట్లు, 5700 కెల్విన్, అంటే నీలం పాలు ఎక్కువున్న తెలుపు. పోల్స్ పాతవే, బ్రాకెట్లూ పాతవే. ఆ తర్వాత సుందరీకరణ పేరుతో నడకదారి పొడవునా గుండ్రటి గ్లోబు దీపాలు, కొబ్బరిచెట్ల మొదట్లో పైకి కొట్టే ఫోకస్ లైట్లు, రెండు పార్కింగుల దగ్గర పొడవాటి స్తంభం కొసన దీపాల గుత్తి ఉండే రెండు హైమాస్ట్‌లు వచ్చాయి. ఒక్కో పనికి ఒక్కో ఎస్టిమేటు, ఒక్కో కాంట్రాక్టరు. ఇవన్నీ కలిసి రాత్రిపూట ఎలా ఉంటాయో చూడాల్సిన పని మాత్రం ఏ ఎస్టిమేటులోనూ లేదు.

ఒకే ఫైల్లో మూడు అర్జీలు

మొదటిది అటవీ శాఖ లేఖ. ఈ ఒడ్డున ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇవి మొదటి షెడ్యూల్ జీవులు. జనవరి నుంచి మార్చి దాకా తల్లులు వస్తాయి. ఒక్కో గూట్లో వంద అటూ ఇటూగా గుడ్లుంటాయి. నలభై అయిదు నుంచి అరవై రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఆ పిల్లలు సముద్రం వైపు పోకుండా రోడ్డు మీదికి వస్తున్నాయని, తెల్లారేసరికి కొన్ని టైర్ల కింద, కొన్ని వాననీటి కాల్వలో కనబడుతున్నాయని లేఖ సారాంశం.

రెండోది కాలనీ సంఘానిది. బీచ్ రోడ్డు చీకటిగా ఉంది, రోడ్డు దాటుతున్న మనిషిని బైకు గుద్దింది, ఇంకా లైట్లు వేయండి.

మూడోది ఒక అపార్ట్‌మెంట్‌ది. రెండో అంతస్తు బెడ్‌రూముల్లోకి వీధి దీపం కొడుతోంది, రాత్రంతా మందపాటి కర్టెన్లు వేసుకుని పడుకోవాల్సి వస్తోంది.

డిప్యూటీ ఇంజినీర్ (డీఈ) గారు ఫైలు నా ముందుకు తోసి, "ఒకళ్ళు తగ్గించమంటారు, ఒకళ్ళు పెంచమంటారు. ఎవరి మాట వినమంటారు సార్?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. తాబేళ్ళకు మేలు చేస్తే మనుషులకు నష్టమన్న లెక్కతోనే అప్పటిదాకా అందరూ మాట్లాడుతున్నారు.

ఆ రాత్రి రోడ్డు మీద నిలబడి, ఎదురుగా ఉన్న దీపాన్ని అరచేత్తో కప్పి చూడమన్నాను ఆయన్ని. దీపం చేతి వెనక దాగిన మరుక్షణం అవతలి ఫుట్‌పాత్ మీద కూర్చున్న మొక్కజొన్న పొత్తులావిడ, ఆవిడ పక్కనున్న పిల్లవాడు కనబడ్డారు. చెయ్యి తీస్తే మళ్ళీ మాయం. కన్ను తన ముందున్న అన్నిటికంటే ప్రకాశవంతమైన దానికి సర్దుకుంటుంది. మిగతాదంతా నలుపైపోతుంది. ఆ రోడ్డు మీద దీపం కింద వెలుగు ప్రమాణానికి మించి ఉంది. మనుషులు మాత్రం కనబడటం లేదు. కాలనీవాళ్ళు చీకటి అన్నది దాన్నే. వెలుగుకి కొరత లేదు, కళ్ళలో కొట్టడమే జబ్బు. వయసు మళ్ళి కంట్లో శుక్లాలున్నవాళ్ళకు ఇది ఇంకా ఎక్కువ. ఆ పూట నుంచి మూడు అర్జీలనూ ఒకే అర్జీగా చదవడం మొదలుపెట్టాం.

నేను వెళ్ళేసరికే జరిగిపోయినవి

లేఖ అందిన వెంటనే ఎవరో పైనుంచి ఫోన్ చేస్తే, సీజన్ అయ్యేదాకా సముద్రం వైపు వరస దీపాలు రాత్రి పూట ఆర్పేయమని ఆదేశం ఇచ్చారు. ఇది నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రతి తీర పట్టణంలోనూ మొదట తట్టే ఆలోచన ఇదే.

జాలరిపేట ఆడవాళ్ళు తెల్లవారుజామున మూడింటికే గంపలు పట్టుకుని హార్బరుకి బయల్దేరతారు, వేలంలో చేపలు పాడుకోవడానికి. వాళ్ళ దారి ఈ రోడ్డే. "ఏటి బాబూ, తాబేళ్ళ కోసం దీపాలార్పేత్తే మేం కుక్కల మధ్యన ఎలా ఎల్లాల?" అని పేట పెద్దావిడ కార్పొరేటర్ ఇంటికే వెళ్ళి అడిగింది. దానికి జవాబు లేదు. ఉండకూడదు కూడా.

ఇంకో చిక్కు వైరింగులో ఉంది. వీధి దీపాల పోల్స్‌కి మూడు ఫేజులూ వంతులవారీగా ఇస్తాం. మొదటి పోల్ ఆర్, రెండోది వై, మూడోది బీ, మళ్ళీ ఆర్. రెండు వరసలూ ఒకే ప్యానెల్ నుంచి పోతున్నాయి. ఒక వరస మాత్రమే ఆర్పే స్విచ్ లేదు. లైన్‌మన్ పోల్ పోల్‌కీ తిరిగి ఫ్యూజులు పీకాల్సి వచ్చింది. పీకినవి కొన్ని, మరిచినవి కొన్ని. రోడ్డంతా చీకటి మడుగు, వెలుగు మడుగు, మళ్ళీ చీకటి మడుగుగా తయారైంది. డ్రైవర్లకు సమానమైన చీకటి కంటే ఇది ప్రమాదం.

అన్నిటికంటే విచిత్రం ఏమిటంటే, దీపాలు ఆరిన రాత్రుల్లో కూడా పిల్లలు రోడ్డు వైపే వచ్చాయి. దాంతో "లైట్ల వల్ల కాదు సార్, వాటి బుద్ధే అంత" అన్న సిద్ధాంతం ఆఫీసులో స్థిరపడింది.

మరో ప్రయత్నం, దీపాల అద్దాలకు కాషాయరంగు ఫిల్మ్ అంటించడం. ఉప్పుగాలికీ, ఫిట్టింగు వేడికీ కొద్ది వారాల్లోనే అంచులు లేచి జెండాల్లా కొట్టుకున్నాయి. సప్లయర్ వారంటీ పోయిందని ఉత్తరం రాశాడు. దీని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

ఇసుక మీద బోర్లా పడుకోవడం

తాబేలు పిల్ల వీపు చిప్ప నాలుగు సెంటీమీటర్లు. దాని కన్ను ఇసుకకు రెండు వేళ్ళ ఎత్తులో ఉంటుంది. నేను రోడ్డు మీద వెలుగు కొలిచే లక్స్ మీటర్ పట్టుకుని నిలబడితే అది చూసే లోకం నాకు తెలియదు. పైగా మామూలు లక్స్ మీటర్లు ఇక్కడ పనికిరావు. నిండు పున్నమి వెన్నెల కూడా లక్స్‌లో మూడో వంతు దాటదు. ఇసుక మీద మా మీటర్ సున్నా చూపిస్తుంది, పిల్ల మాత్రం ఆ సున్నాలోనే దారి వెతుక్కుంటుంది.

కాబట్టి కొలత పద్ధతి మార్చాం. అమావాస్యకు అటూ ఇటూ రాత్రుల్లో కెమెరాను ఇసుక మీదే పెట్టి, ఒకే ఐఎస్ఓ, ఒకే ఎక్స్‌పోజర్‌తో పడమర వైపు ఫొటోలు తీశాం. ఆ చోటే బోర్లా పడుకుని, దీపం గుడ్డు, అంటే వెలుగు పుట్టే ఎల్ఈడీ, నేరుగా కంటికి కనబడే ప్రతి ఫిట్టింగునీ పట్టికలో రాశాం. నియమం ఒకటే పెట్టుకున్నాం: వెలుగు ఎంతన్నది తర్వాత, ముందు ఎల్ఈడీ నేరుగా కనబడుతోందా లేదా.

గూటి నుంచి పిల్లలు రాత్రిపూట, ఇసుక చల్లబడ్డాక వస్తాయి. వచ్చాక తక్కువ ఎత్తులో, ఎక్కువ వెలుగున్న దిక్కుకి పాకుతాయి. దీపాల్లేని ఒడ్డున అది ఎప్పుడూ సముద్రమే. నక్షత్రాల వెలుగులో నీటి అంచు లేతగా ఉంటుంది, వెనక ఇసుక తిన్నెలు, చెట్లు నల్లగా ఉంటాయి. సరుగుడు తోపు ముందున్న సగంలో గూళ్ళ నుంచి జాడలు ఇప్పటికీ సూటిగా నీళ్ళలోకే పోతున్నాయని ఫారెస్ట్ వాచర్లు చెప్పారు. రోడ్డు అదే, దీపాలు అవే, తోపు మాత్రం మధ్యలో ఉంది. వాటి బుద్ధే అంత అన్న సిద్ధాంతం అక్కడితో పోయింది.

ఉత్తరపు సగంలో అటవీ శాఖ హ్యాచరీ ఉంది. దొరికిన గుడ్లను తెచ్చి వల కంచె లోపల తిరిగి పాతిపెడతారు. పిల్లలొచ్చాక నీటి అంచున వదులుతారు. మరి దీపాలతో పనేముంది అని అడిగారు డీఈ గారు. గుడ్లన్నీ దొరకవు. పైగా తల్లులు కూడా వెలుగున్న చోట ఒడ్డెక్కడానికి జంకుతాయి. కానీ మాకు హ్యాచరీ వల్ల ఇంకో లాభం దొరికింది. వాచర్ కుర్రాడొకడు టార్చికి ఎర్ర కాగితం చుట్టి కంచె చూపించాడు. పిల్లలన్నీ పడమటి మూలన వల కంతల్లో ముక్కులు పెట్టి ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి. సముద్రం వైపు వల దగ్గర ఒక్కటీ లేదు. ఇంతకంటే మంచి మీటర్ నా దగ్గర లేదు. వాచర్ల నోట్‌బుక్కులో రోజుకో చతురస్రం గీసి, గుంపు ఎక్కడుందో అక్కడ ఇంటూ పెట్టమన్నాం. పక్కన మబ్బు, వెన్నెల ఉన్నదీ లేనిదీ. ఖర్చు ఒక పెన్ను.

దోషి ఎదుటి వరస

ఫొటోలు పక్కపక్కన పెట్టుకుంటే అసలు సంగతి తెలిసింది. సముద్రం వైపు పోల్స్ ఇసుకకు దగ్గరగా ఉన్నాయి కాబట్టి అందరూ వాటినే అనుమానించారు. వాటినే ఆర్పారు. కానీ ఆ ఫిట్టింగుల ముఖం రోడ్డు వైపు, అంటే పడమరకు ఉంది. ఇసుక నుంచి చూస్తే వాటి వీపే కనబడుతుంది. కళ్ళలో కొడుతున్నది అవతలి వరస, అపార్ట్‌మెంట్ల ముందున్నది. దాని ముఖం తూర్పుకి.

పాత బ్రాకెట్ల వాలు దీన్ని ఇంకా పెంచింది. సోడియం కాలంలో వెలుగు రోడ్డు అవతలికి పడాలని బ్రాకెట్‌ని 15 డిగ్రీలు పైకెత్తి బిగించేవాళ్ళు. ఎల్ఈడీలో ఆ పని లెన్సే చేస్తుంది, ఫిట్టింగు నేలకు సమాంతరంగా ఉండాలి. ఎవరూ బ్రాకెట్లు మార్చలేదు. 9 మీటర్ల ఎత్తు నుంచి 40 మీటర్ల దూరంలోని ఇసుకను చూసే చూపు నిలువు గీతకు 77 డిగ్రీల్లో ఉంటుంది. అందులో 15 డిగ్రీల వాలు తీసేస్తే లెన్సు లెక్కలో అది 62. వీధి దీపపు లెన్సులు గట్టిగా వెలుగు విసిరేది సరిగ్గా ఆ చుట్టుపక్కల కోణాల్లోనే. గూళ్ళ మీదికి గురిపెట్టి బిగించినా ఇంతకంటే బాగా కుదరదు.

ఇక సముద్రం వైపు వరస? అదే 15 డిగ్రీల వాలుతో అది రెండో అంతస్తు బెడ్‌రూముల్లోకి కొడుతోంది. మూడో అర్జీకి సమాధానం అదే.

పట్టికలో ఇంకో విషయం బయటపడింది. ఇసుక నుంచి నేరుగా కనబడే దీపాల్లో సగానికి పైగా కార్పొరేషన్‌వి కావు. హోటల్ ముఖద్వారం, ఫంక్షన్ హాలు ఫ్లడ్‌లైట్లు, అపార్ట్‌మెంట్ల కార్ పార్కింగులు, ఒక మందుల షాపు బోర్డు.

కుదరని మార్గాలు

సప్లయర్ ముందుకొచ్చి, అదే ఫిట్టింగులో 3000 కెల్విన్ వార్మ్ వైట్ దీపాలు కొంత దూరం ఉచితంగా వేసి చూపిస్తానన్నాడు. ఒప్పుకున్నాం, ఎందుకంటే చాలామంది కాంతి కాలుష్యాన్ని రంగు సమస్యగానే చూస్తారు. ఇందులో నిజం లేకపోలేదు. గాలిలో వెలుగు చెదరడం తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది కాబట్టి 450 నానోమీటర్ల నీలం, 600 నానోమీటర్ల కాషాయం కంటే మూడు రెట్లు ఎక్కువ చెదురుతుంది. తాబేలు పిల్లలను ఎక్కువగా లాగేదీ నీలం, ఆకుపచ్చలే. కానీ నోట్‌బుక్కులో ఇంటూలు పడమర నుంచి కదల్లేదు. వార్మ్ వైట్ కూడా నీలం ఎల్ఈడీ మీద పూత పూసి చేసేదే, నీలం తగ్గుతుంది తప్ప పోదు. దీపం గుడ్డు మాత్రం ఎప్పటిలాగే కంట్లో ఉంది. అప్పుడు క్రమం నిర్ణయించుకున్నాం: ముందు దిశ, తర్వాత మోతాదు, ఆ తర్వాతే రంగు.

రేకుల పని చేసే షాపులో జీఐ రేకుతో తొడుగులు చేయించి కొన్ని ఫిట్టింగులకు బిగించాం. గాలికి ఊగాయి, బోల్టుల దగ్గర తుప్పు పట్టింది. దానికంటే పెద్ద లోపం, రేకు లోపలి తళతళ. దీపం దాగింది కానీ రేకే దీపమైంది. లోపల నల్లరంగు వేస్తే కొంత మెరుగు. శాశ్వతంగా పనికొచ్చేది కాదని వదిలేశాం. కానీ తొడుగు బిగించిన చోట రోడ్డు మీద మనుషుల ముఖాలు బాగా కనబడుతున్నాయని లైన్‌మన్ తనంతట తాను చెప్పాడు. దిశ మార్చాలన్న వాదనకు ఆఫీసులో దొరికిన మొదటి సాక్షి అతనే.

నిలిచిన డిజైన్

మొదటి వాదన వెలుగు మోతాదు మీద. వీధి దీపాల భారతీయ ప్రమాణం ఐఎస్ 1944 ప్రకారం ముఖ్యమైన పెద్ద రోడ్లకు సగటున 30 లక్స్, తర్వాతి తరగతికి 15, స్థానిక రద్దీ రోడ్లకు 8, చిన్న వీధులకు 4. ఇది వీఐపీలు తిరిగే రోడ్డు కాబట్టి 30 కావాలని ఒకరి పట్టు. వీఐపీలను బట్టి రోడ్డు తరగతి నిర్ణయమవదు, వాహనాల సంఖ్యను బట్టి, వేగాన్ని బట్టి అవుతుంది. సాయంత్రం రద్దీకి 15, రాత్రి 10 తర్వాత అందులో సగం అని తేల్చాం.

రెండోది వరసల సంగతి. పోల్ ఎత్తు రోడ్డు వెడల్పుకి సమానంగానో, ఎక్కువగానో ఉంటే ఒక వైపు వరస చాలన్నది మా వృత్తిలో పాత లెక్క. ఇక్కడ రెండూ 9. కాబట్టి ఉత్తరపు సగంలో పడమటి వరస ఫిట్టింగులు పూర్తిగా తీసేసి, సముద్రం వైపు వరసతోనే రోడ్డంతా వెలిగించాలని ప్రతిపాదించాం. వినగానే అందరూ ఉలిక్కిపడ్డారు, తాబేళ్ళ దగ్గరున్న దీపాలు ఉంచి దూరంగా ఉన్నవి తీయడమేమిటని. ఫొటోలు చూపించాక అటవీ శాఖ వాళ్ళే ముందు ఒప్పుకున్నారు. ఆ వరసకు బ్రాకెట్లు మార్చి వాలు సున్నా చేశాం. ముందుకు మాత్రమే విసిరే లెన్సు, వీపు వైపు వెలుగు పోకుండా లోపలే అమర్చిన షీల్డు, 60 వాట్లు, 2700 కెల్విన్. దక్షిణపు సగంలో తోపు అడ్డుంది కాబట్టి రెండు వరసలూ ఉంచి, వాలు, వాట్లు మాత్రమే సరిచేశాం. డబ్బు అవసరమైన చోటికే పోయింది.

రోడ్డు మీద కూడా పూర్తి కాషాయం ఎందుకు వేయలేదంటే, పోలీసులు సీసీ కెమెరాల్లో బండి రంగు తెలియాలన్నారు. మొన్నమొన్నటిదాకా ఊరంతా సోడియం పసుపులోనే బతికాం కదా అని వాదించొచ్చు. కానీ వాళ్ళ అభ్యంతరం తోసేస్తే అనుమతి ఫైలు కదలదు. దీపం గుడ్డు ఇసుకకు కనబడనప్పుడు తెలుపుతో రాజీ పడొచ్చనుకున్నాం. నడకదారికి, పార్కింగుకి మాత్రం పట్టుబట్టి కాషాయమే పెట్టించాం. ఫ్లోరిడా తీరంలో తాబేళ్ళ కోసం వాడే దీపాలకు 560 నానోమీటర్లు, అంతకు పైన అన్నది ప్రమాణం. అదే అంకె టెండరులో రాశాం. ఒట్టి "ఆంబర్ కలర్" అని రాసి ఉంటే పసుపు ప్లాస్టిక్ మూతేసిన తెల్ల దీపాలు వచ్చేవి.

గ్లోబు దీపాల దగ్గర కథ వేరు. గ్లోబు సగం వెలుగుని ఆకాశానికి పంపుతుంది, తీసేయాల్సిందే. కానీ వాటికి శిలాఫలకం ఉంది. ప్రారంభించినవారు పదవిలో ఉన్నారు. పోల్స్, అలంకారపు చేతులు, ఫలకం అన్నీ యథాతథంగా ఉంచి, గ్లోబుల చోట కిందికి మాత్రమే కొట్టే తలలు బిగించాం. ఆధునీకరణ అని ప్రెస్ నోట్ ఇచ్చారు. అందరికీ సమ్మతమే. చెట్ల మొదట్లో ఫోకస్ లైట్లు ఆర్పేస్తే ఎవరూ అడగను కూడా లేదు.

హైమాస్ట్‌లు రెండింటిలో ఒకటి తీసేసి పొట్టి పోల్స్ వేశాం. రెండోది తీయలేకపోయాం. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి సముద్ర స్నానాలకు వేల మంది వస్తారు, వినాయక నిమజ్జనాలూ అక్కడే. ఆ రాత్రుల్లో గజ ఈతగాళ్ళకు నీళ్ళ మీద వెలుగు కావాలి. దానికి వేరే తాళం స్విచ్ పెట్టి, ఆ రోజుల్లో మాత్రమే వెలిగేలా చేశాం. మాఘ పౌర్ణమి గుడ్లు పెట్టే కాలంలోనే వస్తుంది కానీ ఒక్క రాత్రి. ఒడిశాలో గహిర్మాతా తీరం దగ్గరి అబ్దుల్ కలాం ద్వీపంలో, క్షిపణి పరీక్షా కేంద్రం వాళ్ళు కూడా తాబేళ్ళ కాలంలో దీపాలు తగ్గించి, మరుగుపరుస్తారు. వాళ్ళకు కుదిరినది పార్కింగు స్థలానికి కుదరదా అని కమిషనర్ గారు మీటింగులో అడిగాక మిగతా అభ్యంతరాలు తేలికయ్యాయి.

డిమ్మింగు వేళల విషయంలో సాఫ్ట్‌వేర్ వాళ్ళు తమ మామూలు పద్ధతి ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా సగం అన్నారు. పేట ఆడవాళ్ళు మూడింటికి బయల్దేరతారు కాబట్టి పావుతక్కువ మూడుకే పూర్తి వెలుగు తిరిగొచ్చేలా పెట్టించాం. ఈ చిన్న మార్పు లేకపోతే మొత్తం పథకం మళ్ళీ కార్పొరేటర్ ఇంటి దగ్గర ఆగిపోయేది.

ప్రైవేటు దీపాలు

కాంతి కాలుష్యం మీద మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. ఉన్న ఆధారాలు వన్యప్రాణి చట్టం, తాబేళ్ళు గుడ్లుపెట్టే చోట్లను సీఆర్‌జడ్-1ఏ అనే సున్నిత ప్రాంతాల తరగతి కింద చేర్చిన తీర నియంత్రణ నిబంధనలు. వాటితో నోటీసులివ్వొచ్చు, కానీ నోటీసు ఇచ్చిన మర్నాటి నుంచి మాట్లాడటం కుదరదు. ముందు మాట్లాడదామన్నాం.

అపార్ట్‌మెంట్లవాళ్ళు తేలిక. తమ బెడ్‌రూముల్లోకి వెలుగు ఆగిపోయిందని చూశాక, పార్కింగు దీపాలు కిందికి తిప్పుకోవడానికి వెంటనే ఒప్పుకున్నారు.

ఫంక్షన్ హాలే కష్టం. మాఘ, ఫాల్గుణ మాసాల్లో ముహూర్తాలు, అదే తాబేళ్ళ కాలం. ఆకాశంలో తిరిగే షార్పీ లైట్లు పెళ్ళివాళ్ళు అడిగి మరీ పెట్టించుకుంటారు. "నేను వద్దంటే పక్క హాలుకి పోతారండీ" అన్నారు యజమాని. అబద్ధం కాదు. వ్యాపారం చెడకుండా దారి చూడాలి. 2000 నాటి శబ్ద నిబంధనల ప్రకారం రాత్రి 10కి మైకులు ఆపడం ఆయనకు అలవాటైన సంగతే. షార్పీలూ, బయటి ఫ్లడ్‌లైట్లూ మైకుతో పాటే ఆగాలని, అప్పటిదాకా కూడా వాటి ముఖం పడమరకే ఉండాలని ఒప్పందమైంది. తర్వాత ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ షరతుల్లో అది చేరింది, పక్క హాళ్ళకు కూడా. అందరికీ ఒకే షరతు అన్నాక ఆయన గొణుగుడు ఆగింది.

ఒక హోటల్ మాత్రం ముఖద్వారపు నీలిరంగు వెలుగు తగ్గించలేదు. బ్రాండు రంగు, పై ఆఫీసు ఒప్పుకోదన్నారు. దాని ఎదురుగా కొత్తగా సరుగుడు నాటించాం. అది ఎత్తు పెరిగేదాకా ఆ హోటల్ ముందు ముక్క అలాగే ఉంటుంది.

ఫలితం

మొదటి రాత్రి ఫోన్లు వచ్చాయి, చీకటి చేసేశారని. ఊహించిందే. దూరం నుంచి చూస్తే దీపాలు కనబడవు కాబట్టి రోడ్డు ఆరిపోయినట్టే అనిపిస్తుంది. ఫిర్యాదు చేసినవాళ్ళను వార్డు సెక్రటరీ రోడ్డు మీదికి తీసుకెళ్ళి, ఇరవై అడుగుల దూరంలో మనిషిని నిలబెట్టి ఎవరో చెప్పమన్నాడు. ఎవరూ తప్పు చెప్పలేదు. పేట పెద్దావిడ మాట ఇంకా సూటిగా ఉంది: "మునుపు ఎదురొచ్చేవోడు నల్లగా ఓ ఆకారం. ఇప్పుడు మొకం తెలుత్తంది." మేం నిలువు తలం మీద కొలిచే లక్స్ చెప్పేదీ అదే.

తర్వాతి సీజన్లో నోట్‌బుక్కులోని ఇంటూలు చాలావరకు తూర్పు వలకు జరిగాయి. అన్నీ కాదు. మబ్బు పట్టిన రాత్రుల్లో కంచె అంతటా చెల్లాచెదురుగా ఉన్నాయి. మబ్బుకి కొట్టి తిరిగొచ్చే నగరపు వెలుగు అది, పడమటి ఆకాశమంతా లేత తెలుపు. రోడ్డు దీపాలు సరిచేసినంత మాత్రాన అది పోదు. నగరం వెలుగు ఎంత దూరం పోతుందో తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం హైదరాబాదుకి సుమారు యాభై కిలోమీటర్ల అవతల, జపాల్-రంగాపూర్‌లో కట్టుకున్న వేధశాలను కూడా నగరపు వెలుగు వదల్లేదు.

ఈ పడమటి వెలుగు గురించి సమీక్షలో పెద్ద చర్చ జరిగింది. ఎల్ఈడీలు వేశాక నగరం వెలుగు తగ్గిందని చూపే ఉపగ్రహ పటం ఒకటి ఎవరో స్క్రీన్ మీద పెట్టారు. ఆ పటాలకు ఆధారమైన విర్స్ పరికరం 500 నానోమీటర్ల లోపు వెలుగును చూడదు, అంటే తెల్ల ఎల్ఈడీలోని నీలం దాని లెక్కలోకే రాదు. సోడియం తీసి తెల్ల ఎల్ఈడీ వేస్తే కంటికి ఆకాశం తెల్లబడినా పటంలో తగ్గినట్టు కనబడుతుంది. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం, 2011 నుంచి 2022 దాకా సామాన్యులు కంటితో చూసి పంపిన నక్షత్రాల లెక్కలతో, ఆకాశం వెలుగు సగటున ఏటా 9.6 శాతం పెరుగుతోందని తేల్చింది. ఉపగ్రహాలు చూపిన పెరుగుదల అంతకు చాలా తక్కువ. ఇది చెప్పాక ఆ పటం నివేదికలోంచి తీసేశారు. మిగతా నగరంలో బ్రాకెట్ల వాలు సరిచేయడం వచ్చే బడ్జెట్‌లో పెట్టారు.

ఇదే పని చేయబోయేవాళ్ళకు

డిజైన్ కంటే నిర్వహణ దగ్గరే ఇలాంటి పనులు చెడతాయి. దీపం పోతే లైన్‌మన్ స్టోర్‌లో ఉన్నది తెచ్చి బిగిస్తాడు. స్టోర్‌లో ఉన్నది 5700 కెల్విన్, 110 వాట్లు. అలాంటిది ఒక్కటి చాలు, ఆ ముక్కలో పిల్లలన్నీ దానికేసి నడుస్తాయి. మేం చేసింది మూడు పనులు. ఉత్తరపు సగం పోల్స్‌కి భుజం ఎత్తున పసుపు పట్టీ వేయించాం. స్టోర్‌లో ఆ ఫిట్టింగులకు వేరే కోడ్, వేరే ర్యాక్. నిర్వహణ కాంట్రాక్టులో, పసుపు పట్టీ పోల్ మీద వేరే ఫిట్టింగు కనబడితే దీపం వెలగనట్టే లెక్కగట్టి జరిమానా. మూడోది రాయించడానికి పట్టినంత కాలం డిజైన్‌కి కూడా పట్టలేదు. కాంట్రాక్టర్ వాదన ఏమిటంటే వెలుగుతున్న దీపానికి జరిమానా ఎక్కడా లేదని. ఆ క్లాజు లేకుండా సంతకం పెట్టకండి.

ఎవరైనా ఇదే పని ఎత్తుకుంటే ఇంకొక్క మాట. ఉన్న దీపాల కొలతలు తీసుకునేటప్పుడు కార్పొరేషన్ ఆస్తుల జాబితా చాలదు. అందులో హోటళ్ళు, హాళ్ళు, షాపు బోర్డులు ఉండవు. ఎస్టిమేటులోనే రాత్రి సర్వేకి విడిగా పద్దు పెట్టండి, అమావాస్య తేదీలు రాసి మరీ. పగటి సర్వే చేసినవాళ్ళు పోల్స్ లెక్కపెట్టుకుని వస్తారు. ఏ దీపం ముఖం ఎటుందో ఆ కాగితాల్లో దొరకదు.